మగపూత పడిన ఏడాది

దమ్మపేట పామాయిల్ రైతును అడిగితే చెబుతాడు. ఈ వేసవిలో చెట్టుకు నీళ్ళు తక్కువైతే ఈ ఏడాది గెలలకు వచ్చే లోటేమీ ఉండదు. మట్టలు పచ్చగానే ఉంటాయి, కోతకు ట్రాక్టరు నిండుతూనే ఉంటుంది. దెబ్బ ఏడాదిన్నరకో రెండేళ్ళకో బయటపడుతుంది. మట్టల మొదళ్ళలో ఆడపూత రావాల్సిన చోట మగపూత పడుతుంది. మగపూతకు గెల రాదు. అప్పారావుపేట ఫ్యాక్టరీకి తోలడానికి తోటంతా వెతికినా సరుకు దొరకదు. అప్పుడు మోటారు రాత్రింబవళ్ళు నడిపినా ఆ ఏడాది తిరిగి రాదు.

హైదరాబాద్ ఫుట్‌బాల్ క్లబ్ ఎలా పోయిందో తలుచుకుంటే నాకు ఆ మగపూతే కళ్ళముందుకు వస్తుంది.

మా వైపు పండక్కి పందేలంటే కబడ్డీ, వాలీబాల్. ఫుట్‌బాల్ ఎరిగినవాళ్ళు తక్కువ. అయినా 2022 మార్చి 20, ఆదివారం రాత్రి ఒక్క ఫోను చుట్టూ నలుగురం చేరాం. గోవా ఫతోర్దా స్టేడియంలో హైదరాబాద్, కేరళ బ్లాస్టర్స్ మధ్య ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్. గ్యాలరీల నిండా కేరళ బ్లాస్టర్స్ అభిమానులే. మొదటి గోలు కేరళదే. ఆట ముగియడానికి రెండు మూడు నిమిషాలుందనగా మన సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టిన బంతి వలలో పడింది. పెనాల్టీల్లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు బంతులు ఆపాడు. 3-1తో కప్పు మనది. 2019లో పుట్టి, తొలి సీజన్‌లో అట్టడుగున నిలిచిన జట్టు మూడో ఏటికి దేశవిజేత అయింది. ఆ సీజన్‌లో మన జట్టు ఆటగాడు ఒగ్బెచె ఒక్కడే 18 గోల్స్ కొట్టాడు.

ఆ కప్పు హైదరాబాద్‌కు కొత్త గౌరవం కాదు, పాత బాకీ తీరడం. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు రోవర్స్ కప్ గెలిచింది హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు. దాన్ని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టును నాలుగో స్థానానికి చేర్చింది ఆయనే. 1962లో ఒంట్లో క్యాన్సర్ పెట్టుకుని జకార్తా వెళ్ళి, దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చాడు. మరుసటి జూన్‌లో కన్నుమూశాడు. సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం ఆయన చేతుల్లో ఎదిగినవాడే. ఆ తరం వెళ్ళిపోయాక దశాబ్దాల పాటు నగరానికి మిగిలింది జ్ఞాపకమే.

కప్పు గెలిచిన మరుసటి సీజన్‌లోనూ జట్టు 42 పాయింట్లతో రెండో స్థానంలో నిలిచింది. బయటివాళ్ళ కళ్ళకు తోట పచ్చగానే ఉంది. లోపల జీతాలు ఆగుతున్నాయి. 2023 వేసవిలో కోచ్ మనోలో మార్కెజ్ గోవా జట్టుకు వెళ్ళిపోయాడు. పాత ఆటగాళ్ళ బకాయిలు కట్టలేదని కొత్తవాళ్ళను తీసుకోకుండా ఫిఫా నిషేధం పెట్టింది. జంషెడ్‌పూర్‌లో జట్టు దిగిన హోటల్ బిల్లు కట్టలేదని వ్యవహారం పోలీసు ఫిర్యాదు దాకా వెళ్ళింది. ఆడిన కాళ్ళకు కూలి ఇవ్వలేని చోట ఎవరుంటారు? విదేశీ ఆటగాళ్ళు ఒకరి వెనక ఒకరు సర్దుకున్నారు. జనవరి వచ్చేసరికి పేరున్న మనవాళ్ళూ వేరే జట్లకు మారారు.

మిగిలింది మణిపూర్‌కు చెందిన కోచ్ థాంగ్‌బోయ్ సింగ్టో, ఆయన వెంట మీసాలైనా సరిగా రాని కుర్రాళ్ళు. రెండేళ్ళ కిందట విజేతలు వేసుకున్న చొక్కాలే వీళ్ళూ వేసుకున్నారు. వారం వారం గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలోనో పరాయి ఊళ్ళోనో ఓడారు. ఓడి, మళ్ళీ వారానికి బూట్లు కట్టుకున్నారు. మార్చిలో చెన్నైలో చెన్నయిన్ జట్టును 1-0తో ఓడించారు. ఆ సీజన్ మొత్తానికీ అదొక్కటే గెలుపు. కప్పు రాత్రి కేకలు పెట్టిన నేను, ఆ గెలుపు కబురు ఫోనులో చదివి చాలాసేపు మాట్లాడలేకపోయాను.

22 ఆటల్లో ఒక గెలుపు, ఐదు డ్రాలు, 16 ఓటములు. ఎనిమిది పాయింట్లు. 12 జట్లలో 12వ స్థానం. 2024 ఏప్రిల్‌లో ఆ లెక్క మూసేసరికి, అదే నెలలో రహీం జీవితం మీద తీసిన 'మైదాన్' సినిమా హాళ్ళలోకి వచ్చింది. తెర మీద రహీం గెలుస్తున్నాడు. ఆయన పుట్టిన ఊరి జట్టు పట్టిక అడుగున ఉంది.

తర్వాత యజమానులు మారారు. నీళ్ళు పెట్టారు కాని పూత అప్పటికే మారిపోయింది. మరుసటి సీజన్‌లో జట్టు కిందనుంచి రెండో స్థానంలో నిలిచింది. 2025లో క్లబ్బు మూటాముల్లె సర్దుకుని ఢిల్లీ చేరి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు మార్చుకుంది.

ఓడిన కుర్రాళ్ళను నేను తప్పు పట్టలేను. జీతం అందుతుందో లేదో తెలియకుండానే వాళ్ళు 90 నిమిషాలూ పరిగెత్తారు. కప్పు గెలిచినవాళ్ళ పేర్లు చరిత్రలో ఎలాగూ ఉంటాయి. ఆ ఎనిమిది పాయింట్లు తెచ్చినవాళ్ళను కూడా తలుచుకోవడం మన బాధ్యత. తప్పు మైదానంలో జరగలేదు. జీతం ఆగిన మొదటి నెలలోనే ఆ ఓటమి ఖాయమైంది. రెండేళ్ళ తర్వాత మనకు కనిపించింది పూత మాత్రమే.

దేశానికి రహీంను ఇచ్చిన నగరం పేరుతో ఇండియన్ సూపర్ లీగ్‌లో ఇవాళ జట్టు లేదు.