కౌమార ఆరోగ్య సర్వేలు: కాగితం, తెర

సిగరెట్, మద్యం, తిండి, నిద్ర, ఆటలు, కొట్లాటలు, దిగులు వంటి విషయాల్లో పదకొండేళ్ల నుంచి పందొమ్మిదేళ్ల లోపు పిల్లల అలవాట్లను వాళ్లనే అడిగి లెక్కగట్టే పద్ధతిని కౌమార ఆరోగ్య సర్వే అంటారు. చాలా ప్రశ్నలకు రక్తపరీక్షలాంటి వేరే సాక్ష్యం ఉండదు. పిల్లవాడు ఏం రాస్తే అదే లెక్క. అందుకే ఏ ప్రశ్న అడిగారన్నదాంతో పాటు, జవాబు ఎక్కడ కూర్చుని, దేనిమీద, ఎవరి కళ్లముందు ఇచ్చాడన్నదీ అంకెలను మార్చేస్తుంది. ఈ సర్వేలు దశాబ్దాల పాటు కాగితం మీదే నడిచాయి. గత పాతికేళ్లలో ఒక్కొక్కటే కంప్యూటర్, ట్యాబ్, మొబైల్ తెరల మీదికి చేరుతున్నాయి. ఈ మార్పిడిలో జవాబులు ఎంత మారతాయన్నది సర్వే శాస్త్రంలో ఒక ప్రత్యేక పరిశోధనాంశం.

పెద్ద సర్వేలు కొన్నే. అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయం నడిపే ‘మానిటరింగ్ ద ఫ్యూచర్’ 1975లో పన్నెండో తరగతితో మొదలై, 1991లో ఎనిమిది, పది తరగతులకూ విస్తరించింది. అదే దేశంలో వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 1991 నుంచి రెండేళ్లకోసారి ‘యూత్ రిస్క్ బిహేవియర్ సర్వే’ జరుపుతోంది. ఐరోపాలో 11, 13, 15 ఏళ్ల పిల్లలపై నాలుగేళ్లకోసారి జరిగే హెచ్‌బీఎస్‌సీ 1983–84లో మొదలైంది. 15–16 ఏళ్లవారి మత్తు అలవాట్లను చూసే ‘ఎస్పాడ్’ 1995 నాటిది. మన దేశం పాల్గొనే వాటిలో అందరికీ తెలిసింది ప్రపంచ యువత పొగాకు సర్వే. 2019 నాటి నాలుగో విడతలో 13–15 ఏళ్ల విద్యార్థుల్లో 8.5 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నట్టు తేలింది.

కాగితం సర్వే నడిచే తీరు చూడటానికి మామూలు పరీక్షలాగే ఉంటుంది. బెంచీకి బెంచీకి ఎడం, పేరు లేని పత్రం, నింపాల్సిన గుండ్రటి గడులు, చివర్లో కవరులో పెట్టి అంటించడం. ఎంసెట్ ఓఎంఆర్ షీట్ల మీద జరిగిన రోజుల్లో బబ్లింగ్ నేర్చుకున్నవాళ్లకు ఇందులో కొత్తేమీ కనబడదు. కొత్తది కంటికి కనబడనిచోట ఉంది. సీడీసీ ప్రశ్నావళిలో ‘లేదు అయితే 20వ ప్రశ్నకు వెళ్లండి’ లాంటి దాటవేతలు కావాలనే పెట్టలేదు. సిగరెట్ ముట్టనివాడు కూడా సిగరెట్ ప్రశ్నలన్నిటికీ ‘ఎప్పుడూ తాగలేదు’ అనే గడి నింపుకుంటూ పోవాలి. విసుగు పుట్టించే ఈ ఏర్పాటుకు కారణం ఉంది. దాటవేతలుంటే ఏ అలవాటూ లేనివాడు పది నిమిషాల్లో పెన్సిల్ కింద పెడతాడు. ఇంకా రాస్తున్నవాడి వైపు క్లాసంతా తలతిప్పి చూస్తుంది. పేరు రాయకపోయినా గుట్టు బయటపడటానికి ఆ చూపు చాలు.

కాగితానికున్న లోపం మరోటి. అది ఎదురు ప్రశ్న వేయలేదు. ఒకచోట ‘జన్మలో మద్యం తాగలేదు’ అన్నవాడే రెండు పేజీల తర్వాత ‘గత 30 రోజుల్లో ఐదు రోజులు తాగాను’ అని నింపుతాడు. వాటిని ఏరి పక్కన పెట్టడం తర్వాత లెక్కకు కూర్చున్నవాళ్ల పని. తెర మీదైతే మొదటి జవాబును బట్టి రెండోది అసలు కనబడకుండానే చేయొచ్చు. లెక్క శుభ్రంగా వస్తుంది. కానీ ఆ శుభ్రతను కాస్త అనుమానంతో చూడటమే మంచిది. పరస్పర విరుద్ధమైన జవాబు పిల్లవాడు ఆడుకుంటున్నాడనడానికి ఒక గుర్తు. దాన్ని ముందే అడ్డుకుంటే ఆటపట్టించేవాడు బుద్ధిమంతుల్లో కలిసిపోతాడు. ఇలాంటివాళ్లను పట్టడానికి ఎస్పాడ్ వాడిన చిట్కా సరదాగా ఉంటుంది. మత్తుమందుల జాబితాలో ‘రెలెవిన్’ అని లోకంలో లేని పేరొకటి చేర్చారు. వాడామన్నవాళ్ల మిగతా జవాబులను ఎంత నమ్మాలో అక్కడే తెలిసిపోతుంది.

తెర వైపు మొగ్గు పెంచిన పరిశోధన 1998లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. 1995లో అమెరికాలో 15–19 ఏళ్ల కుర్రాళ్లను రెండు గుంపులుగా విడదీశారు. కొందరికి కాగితం ఇచ్చారు. మిగతావాళ్లకు ల్యాప్‌టాప్, హెడ్‌ఫోన్ ఇచ్చి ప్రశ్నను చెవిలో వినిపించారు. మగవాళ్లతో లైంగిక సంబంధం ఉందన్నవారు కాగితం మీద 1.5 శాతం, కంప్యూటర్ మీద 5.5 శాతం. ఆయుధం వెంట తిప్పుకోవడం వంటి వాటిలోనూ కంప్యూటర్ వైపే ఒప్పుకోళ్లు ఎక్కువ. ఈ రంగంలో ‘ఎక్కువ చెబితే ఎక్కువ నిజం’ అన్న అలవాటైన ఊహ ఒకటుంది. దాచిపెట్టే విషయాల్లో అది చాలావరకు సరైనదే. కుర్రాళ్లు గొప్పలకు పోయే విషయాల్లో మాత్రం అదే ఊహ బోల్తా కొట్టిస్తుంది.

పదేళ్ల తర్వాత, 2008లో, సీడీసీ ఇదే ప్రశ్నను తరగతి గదిలో పరీక్షించింది. తొమ్మిది, పది తరగతుల విద్యార్థులను నాలుగు తీర్లుగా విడదీశారు: క్లాసులో కాగితం; క్లాసులో దాటవేతలు లేని వెబ్ సర్వే; దాటవేతలున్న వెబ్ సర్వే; వీలైనప్పుడు ఎవరికి వారే చేసుకునే వెబ్ సర్వే. క్లాసులో జరిపిన మూడింటిలోనూ దాదాపు అందరూ పాల్గొన్నారు. సొంతంగా చేయమన్నప్పుడు మూడో వంతు మంది కూడా పూర్తి చేయలేదు. అలవాట్ల శాతాలు కాగితానికీ వెబ్‌కీ చాలావరకు ఒకేలా వచ్చాయి. తేడా కనబడిన కొద్ది ప్రశ్నల్లో వెబ్ వైపు మొగ్గుంది. వదిలేసిన ప్రశ్నలు మాత్రం కాగితం మీదే తక్కువ. తమ జవాబులు ఎవరి కంటా పడవన్న నమ్మకం ఎక్కువగా ఉన్నదీ కాగితం నింపిన పిల్లలకే. కంప్యూటరే గుట్టు కాపాడుతుందని అనుకునేవాళ్లకు ఇది మింగుడుపడని ఫలితం. కారణం ఊహించడం కష్టం కాదు. నిలువుగా నిలబడిన మానిటర్ పక్కవాడికే కాదు, వెనక వరుసకూ కనబడుతుంది. కాగితాన్ని మోచేత్తో కప్పేసుకోవచ్చు.

ఆ లెక్కన ట్యాబ్ మళ్లీ పలక కాలానికి తీసుకెళ్లినట్టే. బల్ల మీద పడుకోబెట్టి, వంగి చూసుకోవచ్చు. మానిటరింగ్ ద ఫ్యూచర్ 2019లో సగం స్కూళ్లకు చీటీ వేసినట్టుగా ట్యాబ్‌లు ఇచ్చి, మిగతా సగంలో కాగితమే ఉంచింది. మత్తు వాడకం శాతాల్లో చెప్పుకోదగ్గ తేడా రాకపోవడంతో మరుసటి ఏడాది పూర్తిగా తెర మీదికి వెళ్లింది. సీడీసీ జాతీయ సర్వే 2023లో ట్యాబ్ పట్టింది. ఈ సగం సగం పరీక్ష ఖరీదైనదే కానీ తప్పించుకుంటే వచ్చే నష్టం ఇంకా పెద్దది. ఈసారి ఇరవై శాతం, కిందటిసారి ఇరవై నాలుగు అని తేలితే, తగ్గింది అలవాటా, లేక మారింది పత్రమా? అలవాటూ పత్రమూ ఒకే ఏడాది కలిసి మారితే ఆ కలగాపులగం జన్మలో విడదీయలేం.

ఈ ఫలితాలను తెచ్చి యథాతథంగా మన గడ్డ మీద నాటలేం. పుణెలో 18–22 ఏళ్ల యువకులతో జరిపిన ఒక పరిశోధన 2005లో వెలువడింది. హెడ్‌ఫోన్‌తో వినిపించే కంప్యూటర్ పద్ధతి కాలేజీ కుర్రాళ్ల దగ్గర పనిచేసింది గానీ, మురికివాడల కుర్రాళ్ల దగ్గర అంత స్పష్టమైన ఫలితం ఇవ్వలేదు. ఢిల్లీలో 15–19 ఏళ్లవారితో చేసిన మరో పరిశోధనలో మగపిల్లలు కంప్యూటర్ కంటే, కబుర్లలా సాగే ముఖాముఖిలోనే ఎక్కువ విప్పి చెప్పారు. యంత్రం ముందు మనసు విప్పాలంటే ముందు ఆ యంత్రంతో చనువుండాలి.

తెలుగులో అడిగేటప్పుడు ఇంకో చిక్కు ఉంది. అది కాగితానికీ తెరకూ సమానమే. మనకు ‘మందు’ అంటే జ్వరానికి వేసుకునేదీ, సీసాలోదీ, చేలో చల్లేదీ. ‘గత 30 రోజుల్లో ఎన్ని రోజులు మందు కొట్టావు?’ అని అడిగితే పత్తి రైతు కొడుకు ఏ గడి నింపుతాడో దేవుడికే తెలియాలి. సారా, కల్లు, బీరు, బ్రాందీ అని విడివిడిగా పేర్లు రాయాల్సిందే. పొగాకుకూ అంతే: బీడీ, చుట్ట, ఖైనీ, గుట్కా. ‘నువ్వు’ అనాలా ‘మీరు’ అనాలా అన్నదీ చిన్న విషయం కాదు. ‘నువ్వు’లో మాస్టారి గొంతు వినబడుతుంది, ‘మీరు’లో సర్కారు కాగితం కనబడుతుంది. తెర మీద ప్రశ్న పక్కనే బొమ్మ, చదివి వినిపించే గొంతు పెట్టే వీలుంది. నెమ్మదిగా చదివే పిల్లలకు అదే పెద్ద సాయం. బడిలో కరెంటు, వైఫై, చార్జింగ్ సంగతి వచ్చేసరికి కాగితం తన పాత బలం చూపిస్తుంది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో పదిహేనేళ్లు నిండినవాళ్లూ ఉంటారు. అది 2015–16 నాటి నాలుగో విడతలోనే కాగితం వదిలింది. కానీ అక్కడ తెర పట్టుకునేది ఇంటికొచ్చిన సర్వే మనిషి, నోరు విప్పాల్సింది పిల్ల. పని వేగం పెరుగుతుంది, తప్పులు తగ్గుతాయి, సిగ్గు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. తెర మీది సర్వే అనగానే పిల్ల తానే నింపేదాన్నీ, సర్వే మనిషి అడిగి నింపేదాన్నీ ఒకే గాటన కట్టడం పొరపాటు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002 నుంచి 3,000 మంది పిల్లల ఎదుగుదలను వెంటాడి చూస్తున్న ‘యంగ్ లైవ్స్’ అధ్యయనం కరోనా కాలంలో, 2020లో, ఫోన్ మీదికి మారింది. శ్రీకాకుళం నుంచి అనంతపురం, మహబూబ్‌నగర్ దాకా ఇళ్లకు వెళ్లి అడిగిన ప్రశ్నలు అప్పుడు ఫోన్లో. చాలా ఇళ్లలో ఆ ఫోన్ నాన్నదో అన్నదో. స్పీకర్ ఆన్‌లో ఉందో లేదో అడిగేవాళ్లకు కనబడదు. ఇదే అధ్యయనం పెరూలో ఇంటి హింస గురించి అడగడానికి జాబితా పద్ధతి వాడింది. కొందరికి కొన్ని మామూలు వాక్యాలు చదువుతారు. ఇంకొందరికి అవే వాక్యాలతో పాటు అసలు సంగతిని కూడా కలిపి చదువుతారు. వీటిలో ఎన్ని నిజమో అంకె చెప్పమంటారు, ఏవో చెప్పనక్కర్లేదు. రెండు గుంపుల సగటుల్లో తేడాయే కావలసిన లెక్క. పక్కన కూర్చుని వింటున్నవాళ్ల చెవిన పడేది మాత్రం ‘మూడు’ అన్న ఒక్క మాటే.