స్టోరు వెలుపలి దారి

ఫోనులో ఏ ప్రోగ్రాం ఉండాలో నిర్ణయించుకునే స్వేచ్ఛను యాప్ స్టోర్లపై పుట్టిన తిరుగుబాటుగా భావించడం పరిపాటి గానీ, కాలక్రమాన్ని పరిశీలిస్తే స్టోరు కంటే ఆ స్వేచ్ఛే ముందుదని తేలుతుంది. నోకియా ఫోన్లను నడిపిన సింబియన్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు సిస్ ఫైళ్లు, చౌక ఫోన్లకు జావా జార్ ఫైళ్లు ఉండేవి. కంప్యూటర్ నుంచి కేబుల్‌తోనో, మిత్రుని ఫోను నుంచి బ్లూటూత్‌తోనో వాటిని ఎక్కించుకునేవారు. ఆ దారినే 2004లో కాబిర్ అనే వైరస్ ఒక ఫోను నుంచి మరొక ఫోనుకు పాకింది. తర్వాత వచ్చిన సింబియన్ తొమ్మిదో వెర్షన్, ప్రోగ్రాం ఎవరిదో ధ్రువీకరించే డిజిటల్ సంతకానికి ప్రాధాన్యం పెంచింది. కాపలాకు కారణం ఉందన్న మాట నిజమే. కాపలాదారే సుంకం వసూలు చేసే పద్ధతి మాత్రం అప్పటికింకా స్థిరపడలేదు.

2007 జూన్‌లో అమెరికాలో విడుదలైన ఐఫోన్‌లో ఇతరుల ప్రోగ్రాములను ఎక్కించుకునే వీలే లేకపోవడంతో, ఔత్సాహికులు సాఫ్ట్‌వేర్ లోపాలను పట్టుకుని ఆ కట్టడిని ఛేదించారు. దీనికే జైల్‌బ్రేక్ అని పేరు. జే ఫ్రీమన్ రూపొందించిన సిడియా అనే ప్రత్యామ్నాయ అంగడి 2008 ఫిబ్రవరిలో వెలువడగా, ఆపిల్ సొంత స్టోరు తెరుచుకున్నది ఆ జూలైలో. సిడియాను ఆశ్రయించినవారందరినీ దొంగ కాపీల కోసం వచ్చినవారిగా జమకట్టడం (అటువంటివారూ లేకపోలేదు) అన్యాయం; ఆపిల్ వీడియో సదుపాయం ఇవ్వని ఆనాటి ఐఫోన్లతో వీడియో తీయించినది సైకార్డర్ అనే జైల్‌బ్రేక్ యాప్. 2010 జూలైలో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కాపీరైట్ చట్టం నుంచి జైల్‌బ్రేక్‌కు మినహాయింపునిచ్చింది గానీ, దాన్ని అడ్డుకోకూడదన్న బాధ్యతను తయారీదారుపై మోపలేదు.

ఆండ్రాయిడ్ మాత్రం సైడ్‌లోడింగ్‌కు, అంటే స్టోరుతో పనిలేకుండా ఏపీకే ఫైలును నేరుగా ఎక్కించుకోవడానికి, ఒక సెట్టింగ్ రూపంలో తలుపు ఉంచింది. మోసగాళ్లు వాట్సాప్‌లో పెళ్లి పత్రికల పేరిట, ట్రాఫిక్ చలాన్ల పేరిట పంపే నకిలీ ఫైళ్లూ నేడు ఆ తలుపు గుండానే వస్తున్నాయి. అయితే ఒకే ద్వారం ఉంటే, దాన్ని మూయించడం ప్రభుత్వాలకూ సులువే: 2019 అక్టోబరులో, చైనా ప్రభుత్వ పత్రిక విమర్శించిన మరునాడే, హాంకాంగ్ ఆందోళనల్లో పోలీసుల కదలికలను చూపే మ్యాప్ యాప్‌ను ఆపిల్ తొలగించగా, ఐఫోన్ వాడేవారికి దాన్ని ఎక్కించుకునే అధికారిక మార్గమే లేకపోయింది.

యూరోపియన్ యూనియన్ డిజిటల్ మార్కెట్ల చట్టం ఫలితంగా 2024 మార్చిలో అక్కడి ఐఫోన్‌లోకి ఇతర స్టోర్లకు ప్రవేశం దొరికింది. ఆపిల్ మాత్రం కొత్త షరతులను ఎంచుకున్న యాప్‌లపై, అవి ఏ స్టోరులో ఉన్నా సరే, ఏడాదిలో పది లక్షలు దాటిన ప్రతి తొలి ఇన్‌స్టాలేషన్‌కు అర యూరో రుసుము ప్రకటించింది.