సంఘసేవకు చదువెందుకు?



మన పల్లెలో ఒక బిడ్డ పట్టణమునకు పోయి నర్సు పని నేర్చుకొనెదనన్నను, ఉపాధ్యాయ శిక్షణ పొందెదనన్నను తలిదండ్రులు సంతోషింతురు. అదే బిడ్డ, "నేను సంఘసేవ చదువుకొనెదను" అన్నచో పెద్దలు ఒకరి ముఖమొకరు చూచుకొందురు. "బీదవానికి పట్టెడన్నము పెట్టుటకు కాలేజీ ఎందుకమ్మా? దానికి కావలసినది మనసు గదా!" అందురు. ఈ మాట త్రోసివేయదగినది కాదు. మనసు లేనివానికి ఏ పట్టాయు మనసు నియ్యలేదు. అయితే మనసు ఒక్కటే చాలునా? ఈ చదువు ఎట్లు పుట్టినదో తెలిసికొన్నచో దీనికి జవాబు దొరకును.

మొదట యెరూషలేమునకు పోదము. అపొస్తలుల కార్యములు ఆరవ అధ్యాయములోని సంగతి నీవెరుగుదువు. ఆ తొలి సంఘమునకు ప్రేమ కొదువ లేదు, ఇచ్చువారికి కొదువ లేదు. అయినను అనుదినము జరుగు పంపకములో గ్రీకు భాష మాటలాడువారి విధవరాండ్రు విడువబడిరి. పెట్టువారు చెడ్డవారని అక్కడ వ్రాయబడలేదు. అప్పుడు అపొస్తలులు చేసినదేమి? ఇంకను ఎక్కువగా పెట్టుడని చెప్పి ఊరకుండలేదు. మంచి పేరును, ఆత్మయు, వాటితోకూడ జ్ఞానమును గల ఏడుగురిని ఆ పనికై ఏర్పరచిరి. దయ యున్నచోట సహితము ఎవరో ఒకరు మరువబడవచ్చునని ఆనాడే తెలిసినది. ఆ మరువబడినవారిని వెదకి చూచు జ్ఞానమే ఈ చదువునకు మూలము.

ఇక పందొమ్మిదవ శతాబ్దపు లండన్ నగరమునకు రమ్ము. యంత్రశాలలు పెరిగినవి, పల్లెలు విడిచి వచ్చిన జనము ఇరుకు సందులలో క్రిక్కిరిసిరి. ధర్మము చేయువారును అనేకులుండిరి. కాని ఒకరు చేసినది మరియొకరికి తెలియదు. గట్టిగా అడుగగలవానికి నాలుగుచోట్ల దొరకెను. సిగ్గుపడి తలుపు వేసికొన్నవానికి ఒకచోటను దొరకలేదు. దీనిని సరిచేయుటకు 1869లో అక్కడ ధర్మసంస్థల కూటమి యొకటి ఏర్పడెను. దాని తరఫువారు ఇంటింటికి పోయి విచారించి, వ్రాసికొని, తరువాత సహాయము చేసిరి. అందులో మేలును ఉండెను, దోషమును ఉండెను. వీరు సహాయమునకు యోగ్యులు, వీరు అయోగ్యులు అని బీదలను రెండు రాసులుగా విడదీయు గర్వము వారిలో ప్రవేశించెను. మన కానుక సంచుల చుట్టును ఆ గర్వము అప్పుడప్పుడు తిరుగుచుండును గదా!

అదే నగరములో ఆక్టేవియా హిల్ అను స్త్రీ 1865 నుండి మరియొక త్రోవ చూపెను. ఆమె బీదల ఇండ్ల నిర్వాహకురాలై, ప్రతివారము ఇంటింటికి పోయి అద్దె తీసికొనుచు, కారుచున్న కప్పును, చెడిన మురుగుకాలువను బాగుచేయించుచు, ఆ పనిని ఇతర స్త్రీలకు నేర్పెను. తరువాత 1884లో శామ్యూల్ బార్నెట్ అను పాదిరిగారును, ఆయన భార్య హెన్రియెట్టాయు తూర్పు లండన్‌లోని వైట్‌చాపెల్‌లో టాయిన్‌బీ హాల్ స్థాపించిరి. విశ్వవిద్యాలయములలో చదివిన యువకులు వచ్చి ఆ బీదపేటలోనే కాపురముండిరి. దూరమునుండి ధర్మము పంపుట వేరు, ఇరుగుపొరుగుగా బ్రతుకుట వేరు. పొరుగున నున్నవానికే ఆ యింటి పొయ్యి ఏనాడు వెలిగినదో, ఏనాడు వెలుగలేదో తెలియును.

టాయిన్‌బీ హాల్‌ను చూచి వెళ్లిన జేన్ ఆడమ్స్ అను అమెరికా యువతి, తన స్నేహితురాలు ఎల్లెన్ గేట్స్ స్టార్‌తో కలిసి 1889లో శికాగో నగరములో హల్ హౌస్ తెరచెను. చుట్టు వలస వచ్చిన కూలిజనము. వీధులలో చెత్త కుప్పలు కుప్పలుగా కుళ్లుచుండెను. బిడ్డలు రోగములతో చనిపోవుచుండిరి. బిడ్డకు మందు త్రాగించుట దయ. ఆ బిడ్డ మరల మరల ఏల పడకబడుచున్నాడని అడుగుట జ్ఞానము. జేన్ ఆడమ్స్ ఆ ప్రశ్న అడిగెను. 1895లో ఆ పేటకు చెత్త ఎత్తించు తనిఖీ ఉద్యోగము తానే తీసికొని, తెల్లవారకముందే లేచి చెత్తబండ్ల వెంట నడిచెను. హల్ హౌస్‌వారు అంతకుముందు ఇంటింటికి తిరిగి తెలిసికొన్న సంగతులను, ఎవరు ఏ దేశమునుండి వచ్చిరో, ఎంత కూలి వచ్చుచున్నదో పటములపై రంగులతో గుర్తించి అదే సంవత్సరము ప్రకటించిరి. ఈమెకు 1931లో నోబెల్ శాంతి బహుమానము వచ్చెను.

అయితే దీనికొక పాఠశాల కావలెనని గట్టిగా అడిగినది మేరీ రిచ్‌మండ్. ఆమె కథ మన బిడ్డలు వినదగినది. ఆమె చిన్ననాడే తల్లిని పోగొట్టుకొని బాల్టిమోరు నగరములో అవ్వ యొద్ద పెరిగెను. కాలేజీ చదువు చదువలేదు. 1889లో అక్కడి ధర్మసంస్థలో లెక్కలు చూచు చిన్న ఉద్యోగమున చేరి, రెండేండ్లలో ఆ సంస్థకే ప్రధాన కార్యదర్శి ఆయెను. బీదల ఇండ్లకు తానును పోయెను. మంచి మనసుతో వచ్చిన సేవకులు ఒకరు చేసిన తప్పునే మరియొకరు చేయుట ఆమె చూచెను. తప్పు చేసినది సేవకుడు, నష్టపడినది బీద కుటుంబము! గనుక 1897లో జరిగిన ధర్మసంస్థల మహాసభలో ఆమె లేచి, ఈ పనికి శిక్షణ యిచ్చు పాఠశాల కావలెనని వాదించెను. మరుసటి సంవత్సరమే, 1898 వేసవిలో, న్యూయార్కులో ఆరు వారముల తరగతి ప్రారంభమాయెను. 1904 నాటికి అది ఒక సంవత్సరపు చదువాయెను. ఆ పాఠశాలయే నేడు కొలంబియా విశ్వవిద్యాలయములో సంఘసేవా కళాశాలగా నున్నది. 1899లో హాలండు దేశపు ఆంస్టర్‌డాములోను ఇట్టి పాఠశాల వెలసెను. 1920లో శికాగోలోని పాఠశాల అక్కడి విశ్వవిద్యాలయములో చేరెను. పట్టా లేని స్త్రీ తలుపు తట్టగా, పట్టాలిచ్చు విద్యాలయములు తలుపు తెరచినవి!

ఈ విత్తనము మన దేశమునకు ఎట్లు వచ్చెను? క్లిఫర్డ్ మాన్‌షార్ట్ అను అమెరికా మిషనెరీ 1925లో బొంబాయికి వచ్చెను. నాగపాడా అను పేటలో హిందువులు, ముసల్మానులు, యూదులు, క్రైస్తవులు ఒకరి ప్రక్క నొకరు ఇరుకుగా నివసించుచుండిరి. అక్కడ ఆయన నాగపాడా నైబర్‌హుడ్ హౌస్ అను సేవాగృహమును నడిపెను. అందరికి తలుపు తీసియుండెను. ఆటస్థలము, చదువుకొను గది, తల్లులకు బిడ్డలకు సహాయము, అన్ని యుండెను. ఆ పనిలో ఆయనకు తెలిసినదేమనగా, మంచి సేవకులు దొరకుదురు గాని నేర్చిన సేవకులు దొరకరు. సర్ దోరాబ్జీ టాటాగారి ధర్మనిధి ముందుకు రాగా, 1936లో ఆ నాగపాడా గృహములోనే మన దేశపు మొదటి సంఘసేవా పాఠశాల తెరువబడెను. మొదటి తరగతిలో 20 మంది విద్యార్థులు. చదువు రెండు సంవత్సరములు. మాన్‌షార్ట్‌గారు మొదటి డైరెక్టరు. 1941లో ఆయన తరువాత, గాంధీగారి అనుచరుడైన జె. సి. కుమారప్పగారి సహోదరుడు జె. ఎం. కుమారప్పగారు ఆ బాధ్యత వహించిరి. 1944లో దానికి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ అని పేరు వచ్చెను. 1964లో విశ్వవిద్యాలయముతో సమానమైన హోదా వచ్చెను.

1946లో వై.డబ్ల్యు.సి.ఎ. అను క్రైస్తవ యువతుల సంఘము లక్నోలో ప్రారంభించిన పాఠశాల 1947లో ఢిల్లీకి మారి, అక్కడి విశ్వవిద్యాలయములో చేరెను. సంఘసేవలో ఎం.ఏ. పట్టాను ఈ దేశమున మొదట ఇచ్చినది అదే. 1952లో మేరీ క్లబ్‌వాలా జాదవ్‌గారు మదరాసులో మరియొకటి స్థాపించిరి. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడగా, దానికి మొదటి అధ్యక్షురాలు మన రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గారు. నేడు విశాఖపట్టణములోని ఆంధ్ర విశ్వవిద్యాలయములోను, హైదరాబాదులోని ఉస్మానియాలోను, తిరుపతిలోని శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయములోను ఈ విద్య కలదు. సాధారణముగా ఏదైన ఒక డిగ్రీ ముగించినవారు ఇందులో చేరి, రెండేండ్లలో ఎం.ఎస్.డబ్ల్యు. పట్టా పొందుదురు.

ఈ చదువులో ఏమి నేర్పుదురు? కొంత తరగతి గదిలో, కొంత జనుల మధ్య. విద్యార్థి వారములో కొన్ని దినములు ఆసుపత్రికో, బాలల గృహమునకో, మురికివాడకో, పల్లెకో పంపబడును. తాను చూచినది, విన్నది, చేసినది వ్రాసి తెచ్చి గురువు ముందు పెట్టవలెను. ఒక పోలిక చెప్పెదను. ఒక విధవరాలు వచ్చి బియ్యమడిగినది. దయగలవాడు బియ్యము పెట్టి పంపును; అది మంచిదే. నేర్చినవాడు బియ్యము పెట్టును, పెట్టి ఆమె చెప్పునది వినును. వినగా, భర్త చనిపోయిన కాగితము ఇంకను తీసికొనలేదని, అందుచేత పింఛను రాలేదని, పొలము కాగితములు బావగారి యొద్దనున్నవని, పెద్దపిల్ల బడి మానినదని తెలియును. ఆ బియ్యము వారములో అయిపోవును. ఆ కాగితము చేతికి వచ్చినచో ఆమె మరల చేయి చాపనక్కరలేదు.

ఇంకొక సంగతి చదువరీ, ఇది మనకు సూటిగా తగులును. ఫీలిక్స్ బీస్టెక్ అను రోమను కథోలిక ఫాదిరిగారు 1957లో ప్రకటించిన పుస్తకములో ఈ సేవకు ఏడు సూత్రములు చెప్పెను. వాటిలో మూడు: వచ్చినవారికి తీర్పు తీర్చకుము; వారి విషయమై నిర్ణయము వారినే చేసికొననిమ్ము; వారు చెప్పిన రహస్యమును దాచుము. మనమేమి చేయుచున్నాము? ఒక సహోదరి తన యింటి బాధ కన్నీటితో చెప్పుకొన్నచో, ఆదివారమునకది పదిమంది నోట ప్రార్థన అంశమగును! మన ఉద్దేశము మంచిదే. కాని ఆమె మరల నోరు తెరచునా? ఆమెను చూచి, అట్టి బాధయే గల మరియొకతె నోరు తెరచునా? సంఘమను మాట మన భాషలో మందిరములో కూడుకొనువారికిని వాడుదుము, ఊరి జనులందరికిని వాడుదుము. ఊరి సంఘమునకు సేవ చేయగోరు మందిర సంఘము మొదట నోటిని కాచుకొనుట నేర్వవలెను.

పట్టా పొందిన వారందరు మంచి సేవకులగుదురని నేను చెప్పుట లేదు. కాగితములు నింపుటయే సేవ యనుకొని, కుర్చీ విడువనివారును కలరు. పొరుగున కాపురముండని చదువు కుంటిది. చదువు లేని దయ గ్రుడ్డిది. బార్నెట్‌గారి కాలము మొదలు మాన్‌షార్ట్‌గారి కాలము వరకు ఈ పని నిలిచినది ఆ రెండును కలిసి నడచినచోటనే.

కాబట్టి మీ యింటి బిడ్డకు ఈ కోరిక కలిగినచో నవ్వకుము. ఈ పనిలో జీతము గొప్పది కాకపోవచ్చునని, అలసట ఎక్కువ యని దాచక చెప్పుము. తరువాత ఆశీర్వదించి పంపుము. సంఘ పెద్దలు వీలైనంతలో ఫీజునకు సహాయము చేయవలెను. ఆ బిడ్డ సెలవులకు వచ్చినప్పుడు ఊరిలో మరువబడినవారెవరని అడుగుడి. వచ్చిన జవాబు వినుటకు మాత్రము సిద్ధముగా నుండుడి.