చైతన్యపురి విహారము - హయాత్‌నగరపు సరాయి

భాగ్యనగరమునకు తూర్పున మూసీనది యొడ్డున చైతన్యపురి యను పేట కలదు. ఇది యిటీవలి నామము. దీనిని జూచి, యచ్చట బౌద్ధాలయ ముండుటచే చైత్యశబ్దము చైతన్యముగా మారెనని కొంద రూహింపవచ్చును గాని యది పొసగదు. చైత్యము చిఞ్ ధాతువునుండి పుట్టినది. చైతన్యము చేతనశబ్దమునకు భావార్థమున ప్రత్యయము చేరగా నేర్పడినది. రెంటికిని ధ్వనిసామ్యమే కాని జన్మసంబంధము లేదు. అయినను, పేరు చెప్పని సంగతిని అచటి శిల చెప్పుచున్నది. కొసగుండ్ల నరసింహస్వామి యాలయముకడ నొక పెద్దగుండుపై బ్రాహ్మీలిపిలో ప్రాకృతభాషాశాసన మొకటి చెక్కబడియున్నది. శాసనపరిశోధకు లది క్రీ. శ. నాలుగైదు శతాబ్దుల నాటిదని నిర్ణయించిరి. అందు గోవిందరాజవిహారము పేర్కొనబడినది. ఈ గోవిందరాజు విష్ణుకుండివంశజుడగు గోవిందవర్మ యని పెక్కుర యభిప్రాయము.

ఆ శాసనమున చెప్పబడినది యుద్ధజయము కాదు, రాజవంశప్రశస్తియు కాదు. పిండపాతికులకై కల్పింపబడిన యొక నివాసము. పిండపాతికుడనగా భిక్షాపాత్రలో పడిన యన్నముతోడనే జీవించు భిక్షువు. వానికి తలదాచుకొనుటకు చోటు చూపుటయే యిచటి దాత యుద్దేశము. విహారశబ్దమునకు నేడు వినోదసంచార మనునర్థమే రూఢమైనది. ‘వి’ పూర్వకమగు హృఞ్ ధాతువునకు సంచరించుటయు, కాలము గడపుటయు రెండును చెల్లును. తిరుగువాడును నిలుచువాడును ఒక్కశబ్దమునం దిమిడియుండుట గమనింపదగినది.

ఇట్టి నివాసములు కట్టించుట యొక యెత్తు, నిలుపుట యొక యెత్తు. ఈ భేద మాకాలపు రాజులకు బాగుగ తెలియును. నల్లగొండసీమలోని తుమ్మలగూడెమున దొరకిన తామ్రశాసనములలో మొదటిది గోవిందవర్మదే. తన రాణి పరమభట్టారికా మహాదేవి కట్టించిన విహారమునకు ఎర్మదల, పెంకపఱ యను రెండుగ్రామముల నాత డిచ్చెను. ఆ గ్రామముల యాదాయము భిక్షువుల యన్నపానశయనములకును, రోగుల యౌషధములకును మాత్రమే కాక, పగిలి విరిగి శిథిలమైన కట్టడపుభాగముల బాగుసేతకును వినియోగపడవలెనని విధింపబడినది. దీనికే ఖండస్ఫుటితసంస్కార మని పేరు. ఈ మాట మన దానశాసనములలో పలుమారు కానవచ్చును. చదువరులు దానిని పరిపాటిగా వచ్చు పదజాలముగా నెంచి దాటిపోవుట కలదు. నిజమున కట్టడముల యాయుర్దాయ మంతయు నా యొక్కపదముపై నాధారపడియున్నది.

చైతన్యపురినుండి మచిలీపట్టణపు పాతబాట పట్టి తూర్పుగా సుమారు పదికిలోమీటర్లు పోయిన హయాత్‌నగరము వచ్చును. ఆ యూరు హయాత్ బక్షీ బేగముపేర వెలసినది. ఆమె మహమ్మద్ కులీ కుతుబ్‌షా కూతురు, మహమ్మద్ కుతుబ్‌షా భార్య, అబ్దుల్లా కుతుబ్‌షా తల్లి. 1656లో ఔరంగజేబు గోలకొండను ముట్టడించినపుడు రాజ్యపక్షమున సంధిమాటలాడుటకు తానే పోయిన ధీరురాలు. ఆమె పేరిట నిచట నైదు కమానుల మసీదును, దానిచుట్టును విశాలమైన ప్రాంగణమును, ప్రాంగణపు నలువైపుల నూటికి పైబడిన కమానుగదుల సరాయియు కలవు. చేరువనే హాథీ బావలి, అనగా ఏనుగుబావి, కలదు. ఏనుగులచేత నీరు తోడించుటచే నా పేరు వచ్చినదని జనశ్రుతి.

ఈ సరాయి పొందికను నాగార్జునకొండలోని విహారముల పొందికతో పోల్చి చూడవలెను. అచట మండపముచుట్టును భిక్షువుల చిన్నగదులు వరుసదీరియుండును. ఇచట మసీదుచుట్టును బాటసారుల గదులు. మతము వేరు, కాలము వేరు, కమాను వేరు. నడుమ దైవచింతనకు చోటు, చుట్టును మనుష్యునకు చోటు, నీటికి బావి యను క్రమము మాత్ర మొక్కటే. ఇందొకదానినుండి మరియొకటి పుట్టినదని చెప్పుట కాదు. ప్రయాణిక్లేశ మొక్కటియే యగుటచే పరిహారమును ఒక్కరూపమున దాల్చినది.

సరాయిలో నెవరు దిగుచుండిరి? ఇందుకు ఫ్రెంచి రత్నవణిజుడు తావెర్నియే 1676లో ప్రకటించిన యాత్రాగ్రంథము తోడ్పడును. గోలకొండనుండి మచిలీపట్టణమునకు పోవు త్రోవలో తెనారా యను మజిలీని అతడు వర్ణించినాడు. దానిని హయాత్‌నగరమని చెప్పుటకు వీలులేదు; అది గోలకొండకు నాలుగు క్రోశముల దూరముననే యున్నదని యతడే వ్రాసెను. కాని యీ బాటపై మజిలీమర్యాద యెట్టిదో దానివలన తెలియును. అచట నుద్యానములతో గూడిన నాలుగు గొప్పభవనములుండెను. అందు మూడింట ప్రయాణికులు దిగవచ్చును. నాలుగవది రాణికి ప్రత్యేకింపబడినది. ఆమె లేనప్పు డెవరైనను పోయి చూడవచ్చును. ఎదుటి చావడిచుట్టును పేదబాటసారులకు చిన్నగదులు. సాయంకాలమున వారికి రొట్టెయో, అన్నమో, కూరలో వండి పెట్టెడివారు. పరులు వండినది తినని హిందువులకు పిండియు కొంత వెన్నయు నిచ్చెడివారు. ఈ చివరిసంగతి చిన్నదిగా తోచినను మిక్కిలి విలువైనది. అతిథి యాచారమెరిగి పెట్టుటయే సత్కారము. పెట్టుట మాత్రమే కాదు.

సంస్కృతమున ఆవసథశబ్ద మిట్టి బసలకు చెల్లును. అందు వసించువా డనునర్థమున దానికి వేరుగా నొక ప్రత్యయమునే విధించిన పాణిని యాతనిని ఆవసథికుడనెను. సత్రశబ్దము తెలుగున నన్నము పెట్టు చోటుగా స్థిరపడెను. సరాయి పారసీకము. మన పల్లెవా రీ మూడింటిని వేరుపరుపక వాడుట తప్పు కాదు, వస్తువొక్కటియే.

1687లో గోలకొండ పడిపోయెను. రాజధాని వెలవెలబోగా బాటయు చిక్కిపోయెను. 1889లో నిజామురైలు బెజవాడను చేరగా మిగిలిన దెబ్బయు తగిలెను. ఆ యినుపదారి కాజీపేటమీదుగా పోవుటచే హయాత్‌నగరమునకు దానితో పనిలేకపోయెను. తరువాత మోటారుబాట వచ్చినను, మోటారులో పోవువాడు రాత్రికి సరాయిలో నిలువడు. ఇట్లు నిలుచువాడు లేక గదులు శిథిలములాయెను.

ఇట్టి కట్టడములను మరల పర్యాటకుల బసలుగా మార్చవలెనను మాట యిప్పుడు తరచు వినబడుచున్నది. ఇది క్రొత్త కాదు. వికారుల్ ఉమ్రా కట్టించిన ఫలక్‌నుమా 2010లో హోటలైనది. ఇబ్రహీంబాగులోని తారామతి బారాదరిచెంత పర్యాటకశాఖవారు బసయేర్పాటు చేసిరి. అయితే ఫలక్‌నుమా ప్రభువుల మేడ. దానిని ధనికుల బసగా చేసిన స్వభావవిరోధము లేదు. సరాయి యట్టిది కాదు. అది పుట్టుకతోనే పథికుల సొత్తు. ఇక్కడ క్రొత్తపని పెట్టుట లేదు, పాతపనిని మరల నప్పగించుటయే. కావున నిట్టి ప్రయత్నము నెదిరించుటకంటె నది యెట్లు జరుగవలెనో విచారించుట మేలు.

అన్నిటికంటె ముందు మసీదు. అచటి ప్రార్థనలకు బసవలన కొరత రాకూడదు. రెండవది సున్నము. కుతుబ్‌షాహీ గోడలు డంగుసున్నముతో కట్టినవి; సిమెంటు పూసిన తేమ లోన చిక్కుకొని రాయి చెడును. గోలకొండలోని కుతుబ్‌షాహీ సమాధుల యావరణమున ఆగాఖాన్ సాంస్కృతికసంస్థవారు 2013 మొదలు పనిచేసి, పూర్వపు మరమ్మతుల సిమెంటును తొలగించి మరల సున్నమునే వాడిరి. గోలకొండ మెట్లబావుల యుద్ధరణకు 2022లో యునెస్కో పురస్కారము లభించెను. ఆ యావరణముననే హయాత్ బక్షీ బేగము సమాధియు నున్నది. బేగము శాశ్వతముగ నిదురించు చోటునకు గలిగిన సేవ యామె పేరిట పరులు నిదురించిన చోటునకు ఇంకను కలుగలేదు.

మందపుగోడలు, ఎత్తుకమానులు, నడుమ వాకిలి యుండుటచే గదులలో వేసవి తాప మంతగా నంటదు. చల్లనిగాలి యంత్రములతో నిచట పనిలేదు. గదికొక స్నానశాల కావలెనని పట్టుపట్టి కమానులు తొలిచినచో బాగుసేత విధ్వంసమగును. పాతపునాదులు లేని చోట వానిని వేరుగా కట్టుట యుక్తము. వాననీరు ప్రాంగణమునుండి బావికి చేరునట్లు చేసినచో నీటిసమస్య కొంత తీరును.

మిగిలినది పైకము. ఎర్మదల, పెంకపఱలవంటి గ్రామముల నిచ్చు రాజు నేడు లేడు. కావున బసచేయువానినుండి రుసుము గొనుట న్యాయమే. కాని యా రుసుము మొదట ఖండస్ఫుటితసంస్కారమునకు పోవలెను, పిదపనే లాభము. గదులలో కొన్ని తక్కువరుసుమునకు, బడిపిల్లలకును, పరిశోధకులకును, సామాన్యయాత్రికులకును విడువబడవలెను. గదులన్నియు రాణిభవనము లైనచో తెనారాలో పిండియు వెన్నయు పుచ్చుకొన్నవా డిచట గేటువద్దనే నిలువవలసివచ్చును. నేడు మెట్రోరైలు చైతన్యపురిమీదుగా ఎల్. బి. నగరమువరకు పోవుచున్నది. శాసనపుగుండును ఉదయమున చూచినవాడు సాయంకాలమునకు సరాయి చేరి బసచేయుట సుకరము. బావిలోని పూడిక తీయించి, గదులన్నిటికిని కొలతలతో పటములు వ్రాయించుట యిప్పుడు చేయదగిన మొదటి పని.