దాత చెయ్యి ఆగితే ఊళ్లో ఏం మిగిలింది? బైర్రాజు ఫౌండేషన్ కథ

కీసరలో ఔటర్ ఎక్కి, శామీర్‌పేటలో దిగి, తూంకుంట మీదుగా వెళ్తే దేవరయాంజాల్ వస్తుంది. 108 అంబులెన్సుల సంస్థ ఈఎంఆర్ఐ ఉండేది అక్కడే. 108 అంటే సర్కారు బండే కదా అనుకుంటాం. కానీ 2005 ఆగస్టు 15న దాన్ని మొదలుపెట్టింది సత్యం కంప్యూటర్స్ రామలింగరాజు కుటుంబం.

అంతకు నాలుగేళ్ల ముందే, 2001లో, వాళ్లు తండ్రి సత్యనారాయణ రాజు పేరు మీద బైర్రాజు ఫౌండేషన్ పెట్టారు. సుమారు 200 ఊళ్లలో పని చేసింది. ఎక్కువ భాగం గోదావరి జిల్లాల్లోనే. ఆరోగ్య కేంద్రాలు, బడులకు సాయం, మరుగుదొడ్లు, మంచినీటి ప్లాంట్లు. ప్రతి ఊళ్లో ఒక గ్రామ వికాస సమితి ఉండేది. నీళ్ల ప్లాంటు కావాలంటే ఊరోళ్లు కూడా చందా వేసుకోవాలి. నీళ్లు ఊరికే ఇవ్వరు, తక్కువ ధరకు అమ్ముతారు. చదివినప్పుడు నాకు మొదట నచ్చలేదు. దానం అన్నాక మళ్లీ రేటేంటి?

2009 జనవరి 7. లెక్కలు ఉబ్బించి చూపించామని రాజు స్వయంగా ఉత్తరం రాశారు. సుమారు 7,000 కోట్ల వ్యవహారం. నేనప్పుడు బడిలో ఉన్నా. బీటెక్‌లో చేరాక కూడా సీనియర్లు ఆ రోజు గురించి చెప్పుకునేవాళ్లు. కానీ ఆ ఊళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఫౌండేషన్‌కు డబ్బొచ్చే దారి దాదాపు ఒక్కటే, ఆ కుటుంబం. అది ఆగేసరికి పనీ కుంచించుకుపోయింది. మా సాఫ్ట్‌వేర్ వాళ్లం దీన్ని సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అంటాం. 108 మాత్రం ఆగలేదు. అప్పటికే నడిపే ఖర్చులో ఎక్కువ వంతు ప్రభుత్వం భరిస్తోంది కాబట్టి, ఆ ఏడాదే జీవీకే వచ్చి నిర్వహణ తీసుకోగలిగింది.

అప్పుడర్థమైంది నాకు ఆ నీళ్ల రేటు ఎందుకో. బిందెకింత అని వసూలైతే ఆపరేటర్ జీతం, కరెంటు బిల్లు, ఫిల్టర్ల ఖర్చు ఊళ్లోనే పుడతాయి. ఆరోగ్య కేంద్రానికి ఆ వెసులుబాటు లేదు. పల్లెల్లో పెట్టిన గ్రామ్‌ఐటీ బీపీఓ ఇంకో రకం. జీతాలు పనిలోంచే రావాలి, మంచి ఆలోచనే. కానీ మొదట్లో ఆ పని ఇచ్చింది కూడా సత్యమే! దారులు రెండు కనిపించాయి గానీ చెరువు ఒక్కటే.

ఇప్పుడిదంతా ఎందుకంటే, 2013 కంపెనీల చట్టం వచ్చాక పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సేవా పనులకు పెట్టాలి. మా చుట్టుపక్కల ఫ్యాక్టరీలకు తక్కువ లేదు. మా వైపు ఒక కాలనీలో ఒక కంపెనీ నీళ్ల ప్లాంటు కట్టించింది. రిబ్బన్ కటింగ్, ఫోటోలు అన్నీ అయ్యాయి. మెంబ్రేన్ పాడయ్యాక మార్చడానికి ఎవరి దగ్గరా పైసా లేదు. రేటు పెట్టలేదు, సమితీ లేదు. ప్లాంటుకు తాళం పడింది. మళ్లీ టిన్నులు కొనుక్కుంటున్నారు.

పోయిన నెల ఇంకో కంపెనీ వాళ్లొచ్చి కొత్త ప్లాంటు ఇస్తామన్నారు. అందరూ సంతోషపడ్డారు, నేనూ పడ్డా. మీటింగ్‌లో ఒక పెద్దాయన లేచి, "అది సరే బిడ్డా, పాతదాని తాళం చెవి ఎవరి దగ్గరుంది?" అని అడిగిండు. అందరం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. వచ్చే ఆదివారం మళ్లీ కూర్చుంటున్నాం, బిందెకు ఎంత పెట్టాలో తేల్చడానికి.