గుఱ్ఱపు కత్తియు 1910 నాటి చట్టమును

చతురంగబలములలో నొకటియగు గుఱ్ఱమును మన పూర్వులు శాస్త్రమునకు విషయముగ చేసికొనిరి. సంస్కృతమున శాలిహోత్రుని పేర అశ్వశాస్త్రము ప్రసిద్ధము. తెలుగున మనుమంచి భట్టు హయలక్షణవిలాసమను పద్యకృతిని రచించెను. సుడులు, వర్ణములు, నడకలు చూచి గుఱ్ఱమును పరీక్షించుట వారికి కరతలామలకము. అయినను మగగుఱ్ఱమునుండి గోడిగకును, గోడిగనుండి మగగుఱ్ఱమునకును సంపర్కము వలన సోకు ఒక రోగమునకు కారణము తెలియుటకు సూక్ష్మదర్శిని రావలసియుండెను. ఆ రోగము పేరు డౌరీన్.

ఇది చాటుగ పెరుగు రోగము. సోకిన పిమ్మట కొన్ని వారములకో నెలలకో గాని బయలుపడదు. మగగుఱ్ఱమునకు మొదట వృషణములును జననాంగపు తొడుగును వాచును. తరువాత చర్మముపై నాణెములవంటి దద్దులు లేచును. క్రమముగ వెనుక కాళ్లు పట్టు దప్పి, మేత తినుచున్నను గుఱ్ఱము చిక్కి శల్యమై తుదకు మరణించును. ఈ లోపల ఆ బీజాశ్వము ఎన్ని గోడిగలను చెఱచునో లెక్క యుండదు.

1880లో గ్రిఫిత్ ఎవాన్సు డేరా ఇస్మాయిల్ ఖాన్ ప్రాంతమున సర్రా రోగముగల గుఱ్ఱముల, ఒంటెల రక్తములో ట్రిపనోసోమను కనుగొనెను. 1894లో ఫ్రెంచి వైద్యుడు రూజే అల్జీరియాలో డౌరీన్ సోకిన గుఱ్ఱమునందు అదే జాతి జీవిని చూచెను. సర్రాను జోరీగలు మోసికొనిపోవును. డౌరీనుకు ఈగ అక్కఱలేదు, సంపర్కమే చాలును.

ఈ పరిశోధనలతో మన పూనాకును సంబంధము కలదు. 1889లో ఇంపీరియల్ బాక్టీరియలాజికల్ లేబరేటరీ ఈ నగరముననే స్థాపింపబడెను. 1893లో దానిని హిమాలయములలోని ముక్తేశ్వరమునకు తరలించిరి. దాని తొలి అధికారి ఆల్ఫ్రెడ్ లింగార్డు సర్రానే గాక డౌరీనును గూడ పరిశోధించెను. నేటి భారత పశువైద్య పరిశోధన సంస్థకు అదియే మూలము.

అప్పటి ప్రభుత్వమునకు ఇంత శ్రద్ధ యేల కలిగెను? అశ్వికదళమునకు గుఱ్ఱములు కావలెను. అందులకై సర్కారు మేలుజాతి మగగుఱ్ఱములను జిల్లాలలో నుంచి, రైతుల గోడిగలకు దాటించుచుండెను. ఒక్క బీజాశ్వము చెడినచో ఒక ప్రాంతపు సంతతి యంతయు చెడును. అందువలన 1910లో డౌరీన్ చట్టము పుట్టినది.

మేము జీవితమంతయు గుమాస్తాగిరిలో కాగితములు త్రిప్పినవారము. చట్టములు శిక్షించుటను చూచితిమి గాని, ఇచ్చుటను చూచినది తక్కువ. ఈ చట్టము రెండును చేసెను. రోగము నిర్ధారణమైనచో మగగుఱ్ఱమునకు విత్తు కొట్టించుటకును, గోడిగను చంపించుటకును పశువైద్యునికి అధికార మిచ్చెను. యజమానికి నష్టపరిహారమును గూడ విధించెను.

విత్తు కొట్టుట తేలిక పని కాదు. పూర్వము గుఱ్ఱమును త్రాళ్లతో పడవైచి, బీజనాళమును కఱ్ఱబద్దల నడుమ బిగించియో, కాల్చిన ఇనుముతో వాత వైచియో రక్తమును ఆపుచుండిరి. ఇప్పుడు మత్తుమందిచ్చి, నాళమును నలుపుచు కోయు పట్టుకారును వాడుదురు. అయినను రక్తస్రావము, వాపు, ధనుర్వాతము, గాయమునుండి ప్రేగు జారుట అను భయములు నేటికిని కలవు. అందుచేతనే శస్త్రము తరువాత కొన్ని దినములు వైద్యుని కన్ను దానిపై నుండవలెను.

గోడిగకు మరణమును, మగగుఱ్ఱమునకు శస్త్రమును విధించుట పైకి పక్షపాతమువలె తోచును. విత్తు పోయినను గుఱ్ఱము బండి లాగును, సవారి మోయును. కావున దాని ప్రాణమును నిలిపిరి. కాని శస్త్రము రోగమును మాన్పదు. రక్తములోని క్రిమి రక్తములోనే యుండును. విత్తు కొట్టిన గుఱ్ఱములలో కొన్ని పూర్వపు అలవాటు చొప్పున గోడిగపై కెక్కుటయు, అట్లు రోగమును అంటించుటయు కలదని పశువైద్యులు చెప్పుచున్నారు. కత్తి సంతతిని ఆపునే గాని రోగమును పూర్తిగ ఆపజాలదు. నిజమైన కాపుదల రక్తపరీక్ష; రోగమున్నదానిని మందనుండి వేఱుచేయుట.

2009లో జంతువుల అంటురోగముల నివారణకై క్రొత్త చట్టము రాగా 1910 నాటి చట్టము రద్దయ్యెను. దాని కత్తిని మఱచినను, అందలి పరిహారపు మాటను మఱవరాదని మా తలంపు. గుఱ్ఱము గ్రుడ్డిదైనను దాణా తప్పదని సామెత. ఒక్క గోడిగపై కుటుంబమును నడుపుకొను పేదవాడు, చెప్పినచో అది పోవునని భయపడినప్పుడు రోగమును దాచును. దాచిన రోగము ఊరంతయు తిరుగును. పరిహారము దొరకునన్న నమ్మకము గలవాడే పశువును తానై వైద్యుని యెదుటికి తోడ్కొని వచ్చును. మందువలె ఆ నమ్మకమును గూడ వేళకు అందింపవలెను.