సరుకు బయట, బేరము లోపల

హైదరాబాదు నగరమున నయాపూల్ మీదుగా మూసీనది దాటి చార్మినారునకు పోవు బాటలో, రాతి కమానులతో వరుసగా నిలిచిన అంగళ్ళు కలవు. ఆ చోటికే పత్తర్‌గట్టి యని పేరు. పత్తర్ అనగా రాయి. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి నగరమును ముంచివేసినది. ఆ పిమ్మట 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంఘము పాతబస్తీ వీధులను వెడల్పు చేయించిన కాలములో ఈ రాతి వరుసలు లేచినవి. ముత్యములు, వస్త్రములు, అత్తరులు, పుస్తకములు ఇచట దొరకును. మీలో పెక్కురు పెండ్లిబట్టలకో, ముత్యాల సరమునకో ఎప్పుడైన వచ్చి చూచియే యుందురు.

ఈ వీధిని ముందుంచుకొని నేడు చెప్పదలచినది సెల్‌ఫోనును గూర్చి, దానిలోని సాఫ్ట్‌వేరును గూర్చి, దానివలన మన ఇంటిగుట్టునకు వచ్చిన మార్పును గూర్చి. చరిత్ర ప్రసంగములో సెల్‌ఫోనునకేమి పని యని కొందరడుగవచ్చును. వస్తువు కొత్తదే గాని తగవు పాతది.

పదునేడవ శతాబ్దిలో తావెర్నియే అను ఫ్రెంచి వర్తకుడు వజ్రముల వ్యాపారమునకై గోలకొండ రాజ్యమునకు పలుమారులు వచ్చెను. దక్కను గనులవద్ద తాను చూచిన బేరమును అతడు వ్రాసి యుంచినాడు. అమ్మువాడును కొనువాడును ఎదురెదురుగా కూర్చుందురు. నోట మాట రాదు. నడుముగుడ్డ చెరగు క్రింద ఒకరి చేయి ఒకరు పట్టుకొందురు. చేయి మొత్తము పట్టిన వేయి, ఒక్క వ్రేలు పట్టిన నూరు. చుట్టును జనము నిండియున్నను ధర ఎంతకు తెగినదో ఆ ఇద్దరికి దక్క మూడవవానికి తెలియదు. ఇది మీకు వింత కాదు. మన పశువుల సంతలలో తువాలు క్రింద వ్రేళ్ళు నొక్కి ఎడ్ల బేరము తేల్చిన దళారులను మీరెరుగుదురు. ఎద్దు మాత్రము నడివీధిని నిలిచియుండును. పండ్లు లెక్కింపవచ్చును, నడిపించి చూడవచ్చును, కాడి కట్టి చూడవచ్చును. సరుకు బయట, బేరము లోపల. తువాలు క్రింద చేయి పెట్టినవానిని దొంగయని ఏ సంతలోను ఎవ్వరును అనలేదు.

యంత్రములు వచ్చిన తొలినాళ్ళలోను ఈ మర్యాద చెడలేదు. చార్మినారు చెంత మహబూబ్ చౌకులో 1892లో గడియార స్తంభమును కట్టిరి. పత్తర్‌గట్టిలోనే యున్న దివాన్ దేవిడీలో 1951 డిసెంబరులో సాలార్‌జంగ్ వస్తుప్రదర్శనశాల తెరువబడెను. 1968లో అది మూసీ ఒడ్డున కట్టిన కొత్త భవనమునకు మారినది. అందలి సంగీత గడియారములో గంట గంటకు ఒక చిన్న మనిషి బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టిపోవును. దానిని చూచుటకై పిల్లలును పెద్దలును ముందుగనే వచ్చి చోటు పట్టుకొని కూర్చుందురు. గడియారము ఎంత వింతదైనను మూత తీసినచో లోన చక్రములు కనబడును. కంటికి అద్దము తగిలించుకొని, ఏ పన్ను అరిగినదో చూచి, దానిని సరిచేయువాడు వీధి మొగనే యుండును. అతని పనితనము పాతవాటిని విప్పి చూచుటవలననే అలవడినది. ఇక గడియారమునకు తన యజమాని ఎవరో, ఎన్నింటికి నిద్ర లేచినాడో తెలియనే తెలియదు.

రేడియో సంగతియు అట్టిదే. నిజాము ప్రభుత్వపు దక్కన్ రేడియో 1935లో ప్రసారములు మొదలుపెట్టి, 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో కలిసిపోయెను. ఆ కాలమున రేడియో పెట్టె యుంచుకొనుటకు తపాలా కచేరిలో ఏటేట రుసుము కట్టి లైసెన్సు పొందవలసియుండెను. ఆ పద్ధతి 1980 దశకములో తొలగినది. పెట్టె ఎవరి ఇంట నున్నదో సర్కారునకు తెలియును గాని, రచ్చబండ మీద దాని చుట్టు చేరినవారెవరో, ఏ వార్త విని ఎవరు నవ్విరో, ఎవరు లేచిపోయిరో తెలిసెడిది కాదు. రేడియో మాటలాడునే గాని వినదు. అటు తరువాత వచ్చిన సెల్‌ఫోను మాటలాడును, వినును, ఎచ్చట నున్నామో గుర్తించి ఆ సంగతి ఎవరికో చేరవేయును.

పెట్టె ఎప్పుడు మూతబడెనో తెలిసికొనుటకు మనము అమెరికా దాక పోవలెను. కంప్యూటరు నడచుటకు దానికి వరుసగా కొన్ని ఆజ్ఞలు వ్రాసి యియ్యవలెను. మనిషి చదివి అర్థము చేసికొనగల రూపములో నున్న ఆ వ్రాతను మూలలేఖనమనవచ్చును, వైద్యుని యోగమువంటిది. తొలిరోజులలో పండితులు ఈ యోగములను ఒకరికొకరు స్వేచ్ఛగా ఇచ్చుకొనెడివారు. 1980 ప్రాంతమున మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయపు పరిశోధనశాలకు ఒక కొత్త అచ్చుయంత్రము వచ్చినది. అది మాటిమాటికి కాగితము పట్టుకొని నిలిచిపోయెడిది. రిచర్డ్ స్టాల్‌మన్ అను నాతడు మునుపటి యంత్రమునకు తానే మూలలేఖనము సవరించి, కాగితము చిక్కుకొన్న వెంటనే అందరికి కబురు పోవునట్లు చేసియుండెను. కొత్తదానికిని అట్లే చేయుదునని మూలలేఖనము అడుగగా, ఎవ్వరికిని ఈయనని మాట యిచ్చితినని అది గలవాడు నిరాకరించెను. చిక్కుకొన్నది ఒక కాగితమే. అయినను అప్పుడు రగిలిన పట్టుదలతో స్టాల్‌మన్ 1983లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఉద్యమమునకు పూనుకొనెను. 1989లో ఒక ఒప్పందపత్రమును ప్రకటించెను. దాని సారమిది: మందు ఇచ్చువాడు యోగమును కూడ ఇయ్యవలెను, పుచ్చుకొన్నవాడు దానిని మార్చి పంచిపెట్టినయెడల ఆ మార్పును కూడ దాచరాదు. 1991లో ఫిన్లండు దేశపు విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ లినక్స్ అను మూలభాగమును వ్రాసి, పిమ్మట దానిని ఈ ఒప్పందము క్రిందనే లోకమునకు విడిచిపెట్టెను.

ఇంగ్లీషులో ధర లేనిదానికిని, కట్టు లేనిదానికిని ఒక్కటే మాట యుండుటచే అచటివారికి ఈ విషయమును బోధించుట కష్టమైనది. మనకు ఉచితము వేరు, స్వేచ్ఛ వేరు. ఊరి చెరువు స్వేచ్ఛ గలది; జాతరలో ఊరక పంచిపెట్టు మిఠాయి ఉచితము. మిఠాయి పెట్టువాడు దేనికి పెట్టుచున్నాడో విచారించుట మన పెద్దల అలవాటు.

ఈ భేదము తెలుగు అక్షరములకు ఎట్లు తగిలెనో చూడుడు. కంప్యూటరుపై తెలుగు అచ్చు మొదలైన కాలమున ఒక్కొక్క సంస్థ తన లిపికి తన సొంత సంకేతములు పెట్టుకొనెను. ఒక అంగడిలో కూర్చిన అర్జీని మరియొక అంగడిలో తెరచిన, గవ్వలు చల్లినట్లు గుర్తులే కనబడెడివి. అక్షరము మనది, తాళపుచెవి వారిది. 1991లో వెలువడిన యూనికోడు పట్టికలో తెలుగునకు చోటు దొరకినను, అది మన అంగళ్ళలోనికి దిగివచ్చుటకు చాల ఏండ్లు పట్టెను. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలయ్యెను. హైదరాబాదులో 'స్వేచ్ఛ' యను పేరుతోనే ఒక సంఘమేర్పడి, లినక్సును తెలుగులో పలికించుటకు విద్యార్థులను కూర్చినది. గోలకొండ పత్రిక స్థాపించిన సురవరము ప్రతాపరెడ్డిగారు, తెలంగాణమున కవులే లేరన్న మాటకు బదులుగా 1934లో 354 మంది కవుల పద్యములను చేర్చి గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. పలువురు తమ కలిగినది తెచ్చియిచ్చుటచే నిండిన గ్రంథమది. నేడు ఆయన పేరిట 'సురవరము' అను అక్షరరూపమొకటి కలదు. దానిని ఎవరైనను తీసికొని వాడవచ్చును, మార్చవచ్చును, పంచిపెట్టవచ్చును. పేరు పెట్టినవారెవరో గాని తగినవాని పేరే పెట్టిరి.

అయినను మూలలేఖనము తెరచియుంచినంత మాత్రమున క్షేమము కలుగునని నేననను. ఇంటర్నెట్టులో బ్యాంకు లెక్కలను మూసి పంపుటకు లోకమంతయు వాడెడి ఒక బహిరంగ సాఫ్ట్‌వేరులో 2012లో దొర్లిన తప్పు 2014 దాక ఎవరి కంటను పడలేదు. పుస్తకము తెరచియున్నది, చదివినవారు లేకపోయిరి. కాని చదువ దలచినవానికి తలుపు తెరచియుండెను. అందుచేతనే ఆ తప్పు బయటపడినది. మన చేతి ఫోనులలో చాలవాటికి పునాది లినక్సే. ఆ పునాది మీద కట్టిన అంతస్తులు మాత్రము తాళము వేసినవి.

ఇప్పుడు అంగళ్ళలో జనుల అభిప్రాయములు వినుడు. ఫోను బాగుచేయువాడు, బ్యాటరీని జిగురుతో అంటించి పంపుచున్నారనియు, కొన్ని రకములకు అసలైన భాగమునే మార్చి వేసినను ఫోను దానిని ఒప్పుకొనదనియు వాపోవును. 2022 డిసెంబరులో కేంద్రప్రభుత్వము మరమ్మతు హక్కునకై ఒక వేదిక తెరచినది. తాళములు మాత్రము వేయువారి చేతిలోనే యున్నవి. ఇక కొనువారిలో ఎక్కువమంది మాట ఒక్కటే: "మాకు దాచుకొన నేమున్నది? మేము దొంగలమా?" ఇంటికి తలుపు పెట్టించువాడు దొంగ సొత్తు దాచుటకే పెట్టించునా? పిల్లకు సంబంధము చూచునప్పుడు, పొలము అమ్మదలచినప్పుడు, ఇంట రోగమున్నప్పుడు మాట నాలుగు గోడల నడుమ నుండవలెనని కోరుట తప్పు కాదు గదా. మరికొందరు మీటల ఫోనుతో సరిపెట్టుకొని, ఇక తమ జోలికి ఎవరును రారనుకొందురు. అదియు సగము నిజమే. ఎవరికి ఎప్పుడు ఫోను చేసితిమో, ఏ స్తంభము పరిధిలో నుంటిమో ఆ చిన్న ఫోను కూడ కంపెనీ పద్దులోనికి ఎక్కించుచునే యుండును.

న్యాయస్థానములలోను ఈ ప్రశ్న చిరకాలము నలిగినది. 1885 నాటి టెలిగ్రాఫు చట్టము తంతిని ఆపి చదువుటకు సర్కారునకు అధికారమిచ్చెను. ఫోను మాటలను చాటున వినుటకు నియమములు పాటింపవలెనని సుప్రీంకోర్టు చెప్పినది 1996లో. ఆధార్ పద్ధతిపై విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామిగారు 2012లో, ఎనుబదియేండ్లు దాటిన వయసున, వ్యాజ్యము వేసిరి. 1954, 1962 నాటి తీర్పులు చూపి, గోప్యత ప్రాథమిక హక్కు కాదని ప్రభుత్వము వాదించెను. 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకకంఠముతో అది హక్కేయని తీర్పు చెప్పిరి. వారిలో కృష్ణాజిల్లావాసి జస్టిస్ చలమేశ్వరుగారొకరు. 2023లో పార్లమెంటు వ్యక్తుల సమాచార రక్షణకు చట్టము చేసినది గాని, ప్రభుత్వ శాఖలకు అందులో పెద్ద మినహాయింపులే విడిచిపెట్టినది.

ఆ తీర్పు పత్తర్‌గట్టి దరికి ఎట్లు వచ్చినదో వినుడు. 2021 మే నెలలో, మహమ్మారి కట్టుబాట్ల కాలమున, షాహ్రాన్ మార్కెట్టు ప్రాంతమున ఇంటికి పోవుచున్న ఒక సామాజిక కార్యకర్తను పోలీసులు నిలిపిరి. ముఖమునకు కట్టిన మాస్కు తీయుమనిరి. ఆయన తీయననెను. మాస్కుతోనే ఛాయాచిత్రము తీసికొనిరి. ఆ చిత్రము, మనుష్యుల ముఖములను గుర్తుపట్టు యంత్రములోనికి పోవునేమో, ఏ చట్టము ప్రకారము తీసిరోయని ఆయన హైకోర్టు కెక్కెను; 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వమునకు నోటీసు పంపినది. ధర దాచుకొనుటకు తువాలు చాలిన సీమలో, తన ముఖము దాచుకొనుటకు ఒక మనిషి న్యాయస్థానము మెట్లెక్కవలసివచ్చెను.

పట్నవాసుల తగవు మనకేలయని గ్రామములవారు అనుకొనరాదు. తెలంగాణములో సమగ్ర వేదిక యను సాఫ్ట్‌వేరు కలదు. అది వాహనముల పద్దు, ఆస్తుల పద్దు, ఇట్టి పలుశాఖల పద్దులను కలిపి, ఈ పేరు ఆ పేరు ఒక్కరివేయని ఊహించును. వెంకటయ్య యను పేరును ఇంగ్లీషులో ఎన్ని విధముల వ్రాయుదురో మీకు తెలియును. ఒక ఊరి వెంకటయ్య కారు మరియొక వెంకటయ్య నెత్తికెక్కిన, రేషన్ కార్డు పోవును. 2016 నుండి కొన్ని ఏండ్లలో, ముందు నోటీసు లేకుండ, సుమారు 19 లక్షల కార్డులు రద్దయినవి. దాని మూలలేఖనము చూపుమని పాత్రికేయులు సమాచారహక్కు క్రింద అడుగగా, తయారుచేసిన కంపెనీకి దానిపై హక్కులున్నవని శాఖవారు నిరాకరించిరి. బియ్యము పోగొట్టుకొన్నవాని వివరములన్నియు పెట్టెకు తెలియును; పెట్టె అతని విషయమున ఏ లెక్క వేసినదో అతనికి తెలియరాదు. కొనువాడు విప్పబడినాడు, సరుకు మూటగట్టబడినది.

2022 ఏప్రిల్ నెలలో సుప్రీంకోర్టు, రద్దయిన కార్డులను క్షేత్రమునకు పోయి మరల పరిశీలింపవలెనని రాష్ట్రప్రభుత్వమును ఆజ్ఞాపించినది. ఉద్యోగులు కాగితములు చేతబట్టి ఇండ్లకు పోయి, వాకిట నిలిచి, కారున్నదా యని మనుష్యులనే అడిగిరి. వేలకొలది కుటుంబములు అర్హములని అప్పుడు తేలినది.